నాన్నగారి మాత్రలు మధ్యలో ఆపవచ్చా? మందుకు లొంగని క్యాన్సర్ కణాలు, వాటి లెక్క

ప్రత్తిపాడు_చినబాబు
ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. రెండేళ్ల క్రితం ఆపరేషన్ చేసి వృషణాలు తీసేశారు. ఏడాదిన్నర బాగానే గడిచింది. తర్వాత పీఎస్ఏ (ఈ జబ్బు తీరు తెలిపే రక్తపరీక్ష అంకె) మళ్లీ పెరుగుతూ 64 దాకా వెళ్లింది. నాలుగు నెలల క్రితం అబిరాటెరోన్ మొదలుపెట్టారు. రోజూ పరగడుపున నాలుగు మాత్రలు, వాటితోపాటు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్. ఇప్పుడు పీఎస్ఏ 19.

డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు, "మందు పనిచేస్తుంది, ఎంతకాలమో మాత్రం చెప్పలేను. ఏదో ఒక రోజు కణాలు దీనికి అలవాటు పడతాయి" అని. ఆ మాట నన్ను వదలడం లేదు. రాత్రిళ్లు దొరికినదల్లా చదువుతున్నాను. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, టాంపాలోని మాఫిట్ క్యాన్సర్ సెంటర్‌లో ఇదే మందును ఆపుతూ, మళ్లీ ఇస్తూ, ఎప్పుడు ఆపాలో గణిత నమూనాతో తేల్చి, జబ్బును ఎక్కువ కాలం అదుపులో ఉంచారట. పీఎస్ఏ సగానికి పడగానే ఆపుతారట. నాన్నగారిది సగానికన్నా ఎక్కువే పడింది.

మేమూ ఆపవచ్చా? పనిచేస్తున్న మందును ఆపితే మేలు ఎలా జరుగుతుంది? తెలిసినవారు దయచేసి వివరించండి.

గణితప్రియ
ఆదివారం, ఉదయం 9:15

చినబాబు గారూ, నేను గణిత జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, వైద్యురాలిని కాను. కాబట్టి మీ రెండో ప్రశ్నకే జవాబు రాస్తాను. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నాన్నగారిని చూస్తున్న డాక్టరే.

"కణాలు అలవాటు పడతాయి" అని అందరూ అంటారు. చాలాసార్లు జరిగేది అలవాటు కాదు. కణితిలో కోట్లాది కణాలుంటాయి. కణం రెండుగా చీలిన ప్రతిసారీ డీఎన్ఏ నకలులో ఏదో ఒక తప్పు దొర్లే అవకాశం ఉంది. అన్ని కోట్ల కణాల్లో ఏ కొద్దింటిలోనో, ఆ మందు ముఖం చూడకముందే, దానికి లొంగని మార్పు వచ్చి ఉంటుంది. బాక్టీరియా విషయంలో ఈ సంగతిని 1943లో లూరియా, డెల్‌బ్రూక్ రుజువు చేశారు. వైరస్ దాడిని తట్టుకొనే బాక్టీరియా ఆ దాడికి ముందే అక్కడ ఉందని లెక్కతో చూపించారు. 1979లో కెనడాలో గోల్డీ, కోల్డ్‌మన్ ఆ లెక్కనే క్యాన్సర్ మందులకు అన్వయించారు. 2012లో పెద్దపేగు క్యాన్సర్ రోగుల రక్తంలో కనబడిన మార్పులను పట్టుకొని, నమూనాతో కాలంలో వెనక్కి నడిచి, లొంగని కణాలు చికిత్స మొదలయ్యేనాటికే ఉండి ఉండాలని తేల్చారు.

ఇప్పుడు గట్టి మోతాదు మందు ఆపకుండా ఇస్తే ఏమవుతుందో చూడండి. లొంగే కణాలు చచ్చిపోతాయి. అవి వాడుకుంటున్న చోటు, రక్తం, ఆహారం అన్నీ లొంగని వాటి పాలవుతాయి. పోటీదారులను మన చేతులతో మనమే తొలగించినట్టు.

మాఫిట్‌లోని రాబర్ట్ గేటెన్‌బీ బృందం ఇక్కడే దారి మార్చింది. జబ్బు పూర్తిగా పోదని తెలిసినప్పుడు లొంగే కణాలను కొన్నింటిని బతకనిచ్చి, లొంగని వాటికి పోటీగా నిలబెట్టవచ్చు కదా అని అడిగింది. అబిరాటెరోన్ విషయంలో వారి నమూనాలో మూడు రకాల కణాలున్నాయి. కణం బయట, ఒంట్లో తయారై వచ్చే టెస్టోస్టెరోన్ (మగ హార్మోను) ఉంటేనే బతికేవి ఒక రకం. టెస్టోస్టెరోన్‌ను తామే తయారుచేసుకొనేవి రెండో రకం, అబిరాటెరోన్ దెబ్బతీసేది ఆ తయారీనే. టెస్టోస్టెరోన్‌తో పనే లేనివి మూడో రకం, మందు వాటిని ఏమీ చేయలేదు. ఒక్కో రకానికి ఒక్కో సమీకరణం. ఎవరు ఎవరిని ఎంత నొక్కుతున్నారో చెప్పే అంకెలు కొన్ని. అడవిలో ఒకే మేత కోసం పోటీపడే జంతువులకు జీవావరణ శాస్త్రజ్ఞులు వాడే లోట్కా–వోల్టెరా సమీకరణాలే ఇవి.

మందు ఆపితే రెండో రకం పెరిగి మూడో రకాన్ని తొక్కిపెడుతుంది. పీఎస్ఏ మొదటి స్థాయికి చేరగానే మందు మళ్లీ మొదలు. సగానికి పడగానే మళ్లీ ఆపడం. ఎవరి చక్రం ఎన్ని నెలలకు తిరుగుతుందో వారి వారి కణితే చెబుతుంది, క్యాలెండరు కాదు.

విశ్రాంత_ఏఓ_వెంకటేశ్వర్లు
ఆదివారం, ఉదయం 11:02

చినబాబూ, నేను గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వ్యవసాయాధికారిగా చేసి రిటైరయ్యాను. మీ నాన్నగారు పత్తి వేసిన మనిషైతే ఆ అమ్మాయి చెప్పింది మనకన్నా ఆయనకే ముందుగా అర్థమవుతుంది.

1987–88 నాటి సంగతి. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక్క పిచికారీతో పచ్చపురుగు రాలిపోయేది. రైతులు మురిసిపోయి వారానికొకసారి కొట్టారు. కొద్ది కాలానికే అదే పురుగు మందులో తడిసి కూడా కాయ తొలుచుకుంటూ కూర్చుంది. మందు కల్తీ అయిందనుకున్నాం కానీ లొంగేవి పోయి లొంగనివి మిగిలాయని పోల్చుకోవడానికి మాకు చాలా నష్టం జరగవలసి వచ్చింది. అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్లకు వెళ్లాను. ఇప్పటికీ ఆ ఊళ్ల పేర్లు తలచుకుంటే మనసు భారమవుతుంది.

పురుగును చంపే గుణం మొక్కలోనే ఉండే బీటీ పత్తి వచ్చాక 450 గ్రాముల విత్తనం ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనం ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. లొంగే పురుగు కొంత బతికి ఉండాలన్నది ఉద్దేశం. "పురుగును పెంచడానికి నేను విత్తనం నాటాలా?" అని రైతులు నన్ను నిలదీసేవారు. చాలామంది ఆ పొట్లాన్ని గట్టున పారేశారు. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి లొంగకుండా తయారై ఏం చేసిందో మీ అందరికీ తెలుసు.

గణితప్రియ
ఆదివారం, మధ్యాహ్నం 12:20

వెంకటేశ్వర్లు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. గేటెన్‌బీ తన ఆలోచనను 2009లో వివరించినప్పుడు ఎత్తుకున్న ఉదాహరణ కూడా పురుగుమందులదే, క్యాబేజీ పంటను తినే వజ్రపు రెక్కల పురుగు.

ఒక్క తేడా చెప్పాలి. బీటీ పత్తి చుట్టూ బతికిన పురుగు, లొంగని పురుగుతో జతకట్టి పిల్లలను మళ్లీ లొంగేలా చేస్తుంది. క్యాన్సర్ కణాలు జతకట్టవు. ఇక్కడ లొంగే కణం చేసే సాయం అంతా చోటు ఆక్రమించడమే. అందుకే ఎవరు ఎవరిని ఎంత గట్టిగా తొక్కిపెడుతున్నారన్న అంకె మీదే నమూనా భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

ప్రశ్నార్థకం
ఆదివారం, సాయంత్రం 4:48

నేను మందుల పరీక్షల గణాంకాలు చూసే పనిలో ఉన్నాను. ఈ ఆలోచన నాకూ నచ్చుతుంది. అయినా ఒక కుటుంబం దీన్ని నమ్మి మందు ఆపాలా వద్దా అని తేల్చుకొనే చోట, అంకెలన్నీ బల్ల మీద పెట్టాలి.

2022లో ఆ బృందం ప్రకటించిన ఫలితాలు చూడండి. మందు ఆపి ఇచ్చిన వారు 17 మంది, మామూలు పద్ధతిలో రోజూ వాడినవారు 16 మంది. జబ్బు మళ్లీ ముదరడానికి పట్టిన మధ్యస్థ కాలం 33.5 నెలలు, 14.3 నెలలు. ఆయుర్దాయం 58.5 నెలలు, 31.3 నెలలు. ఆపి ఇచ్చిన వారు సగటున 46 శాతం కాలం మందు లేకుండానే గడిపారు. అంకెలు గొప్పగానే ఉన్నాయి. కానీ మనుషులు చాలా తక్కువ. చీటీలు తీసి రెండు గుంపులు చేయలేదు, పరీక్షకు అర్హత ఉండి మామూలు పద్ధతిలో రోజూ వాడినవారే రెండో గుంపు. అలా వాడినవారికీ మిగతావారికీ మొదటి నుంచే ఏదో తేడా ఉండి ఉండవచ్చు.

ఇంకొకటి. హార్మోను చికిత్సను, అంటే టెస్టోస్టెరోన్‌ను తగ్గించే మందును, ఆపి ఆపి ఇవ్వడం కొత్త కాదు. 2013లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 1,535 మందిని చీటీలు తీసినట్టే విడదీశారు. ఆపకుండా ఇచ్చినవారి మధ్యస్థ ఆయుర్దాయం 5.8 ఏళ్లు, ఆపి ఇచ్చినవారిది 5.1 ఏళ్లు. ఆపడం వల్ల నష్టం లేదని ఆ పరీక్ష చూపించలేకపోయింది. దీనికి నమూనా వాళ్ల జవాబు ఏమిటి?

గణితప్రియ
ఆదివారం, సాయంత్రం 6:30

అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఆ పెద్ద పరీక్షలో మొదట ఏడు నెలలు మందు ఆపకుండా ఇచ్చారు. పీఎస్ఏ 4 లేదా అంతకన్నా కిందికి పడినవారికే విరామం ఇచ్చారు. నమూనాలో ఆ ఏడు నెలలను నడిపి చూస్తే, మొదటి విరామం వచ్చేసరికే లొంగే కణాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయి కనిపిస్తాయి. తొక్కిపెట్టడానికి ఎవరూ మిగలకపోతే విరామం ఇచ్చినా ప్రయోజనం ఉండదు. "ఆపి ఇవ్వడం" అనే ఒకే మాట కింద రెండు వేరు పనులున్నాయి. ఒకటి పడగొట్టి విశ్రాంతి తీసుకోవడం, రెండోది బలం మిగిలి ఉండగానే ఆపడం.

మాఫిట్‌లో మందు ఆపి ఇచ్చిన 17 మందిలో నలుగురు ఫలితాలు రాసేనాటికి 53 నుంచి 70 నెలలుగా చక్రంలోనే ఉన్నారు. ఆ పరీక్షలో నెలల తరబడి సేకరించిన వివరాలతో నమూనాను మళ్లీ సరిచూస్తే, లొంగే కణాలు లొంగని వాటిని తొక్కిపెట్టే బలానికీ, ఎదురు బలానికీ ఉన్న నిష్పత్తి ముందుగా అనుకున్నదానికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ అని తేలింది. జబ్బు ముదిరినవారి విషయంలో, పీఎస్ఏ సగానికి పడిన వెంటనే ఆలస్యం చేయకుండా మందు ఆపి ఉంటే మరింత కాలం దక్కేదని కూడా నమూనా చెప్పింది. నా మనసుకు బాగా తగిలింది ఈ భాగమే. నమూనా రోగికి దారి చూపింది, రోగి శరీరం నమూనాను దిద్దింది.

చీటీల విషయంలో మీతో వాదించను. అది జరగాల్సిందే. ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్‌లలో ఆంజడాప్ట్ అనే పరీక్ష అలాంటి విభజనతోనే మొదలైంది.

విశాఖ_క్యాన్సర్_వైద్యుడు
ఆదివారం, రాత్రి 8:10

చినబాబు గారూ, మీ మొదటి ప్రశ్నకు ఇంతవరకు సూటిగా ఎవరూ జవాబివ్వలేదు. ఆపవద్దు. ఇంట్లో, మీ అంతట మీరు, ఒక్క రోజు కూడా.

మాఫిట్ పరీక్షలో ఉన్నవారికి పీఎస్ఏ తరచూ చూశారు, స్కాన్లు తీశారు, ముదురుతున్న గుర్తు కనబడగానే పట్టుకొనే మనుషులు పక్కనే ఉన్నారు. పీఎస్ఏ పెద్దగా పెరగకుండానే ఎముకల్లో జబ్బు ముదిరిన రోగులను నేను చూశాను. వెన్నెముకలో కణితి నరాలను నొక్కితే కాళ్లు పడిపోతాయి. ఆ మూల్యం చాలా పెద్దది.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీరు ఈ ప్రశ్న వేసిన తీరు చూస్తే, ఇంట్లో ఇప్పటికే మాత్రలు తగ్గాయేమో అనిపిస్తోంది. నాన్నగారు ప్రెడ్నిసోలోన్ సరిగ్గా వేసుకుంటున్నారా?

ప్రత్తిపాడు_చినబాబు
ఆదివారం, రాత్రి 9:35

డాక్టరుగారూ, మీ ప్రశ్న చదివి ఇంటికి ఫోను చేశాను. అమ్మ డబ్బాలోని మాత్రలు లెక్కపెట్టింది. ఉండవలసిన దానికన్నా ఇరవై ఎక్కువున్నాయి. పది రోజుల కిందట ఈ వార్త నేనే సంబరంగా చదివి వినిపించాను. ఆ రోజు నుంచి నాన్న రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. రెండు మందులూ కలిపే వేసుకుంటారు కాబట్టి ప్రెడ్నిసోలోన్ కూడా రోజు విడిచి రోజే. "సగం మందు మిగిలితే నీకు ఖర్చు కలిసివస్తుంది, జబ్బుకూ మంచిదేనన్నావు కదా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. పొద్దున లేస్తూనే తల తిరుగుతోందని మూడు రోజులుగా అంటున్నారట, ఎండ వల్ల అనుకున్నారట.

విశాఖ_క్యాన్సర్_వైద్యుడు
ఆదివారం, రాత్రి 9:44

ఈ రాత్రే మీ డాక్టరుగారికి ఫోను చేయండి. దొరక్కపోతే దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. నాలుగు నెలలుగా స్టెరాయిడ్ తీసుకుంటున్న శరీరం తన సొంత తయారీని తగ్గించుకొని ఉంటుంది. బయటి నుంచి వచ్చేది ఇలా ఒడిదుడుకులైతే రక్తపోటు పడిపోవచ్చు. తల తిరగడం దానివల్ల కావచ్చు, కాకపోవచ్చు. రక్తపోటు, సోడియం, పొటాషియం చూస్తే గానీ తెలియదు. ఎవరినీ కోప్పడకండి, ముందు తీసుకెళ్లండి.

గణితప్రియ
ఆదివారం, రాత్రి 10:05

చినబాబు గారూ, ఇక్కడ ఒక్క సంగతి స్పష్టం చేయకపోతే నాకు నిద్ర పట్టదు. రోజు విడిచి రోజు వేసుకోవడం ఆ పద్ధతి కాదు. అక్కడ మందు ఇచ్చే కాలంలో పూర్తి మోతాదు ఇస్తారు, ఆపే కాలంలో పూర్తిగా ఆపుతారు, రెండింటి మధ్య గీత గీసేది పీఎస్ఏ ఫలితం. సగం మోతాదును కొలత లేకుండా సాగదీస్తే ఏమవుతుందో మాఫిట్ నమూనా చెప్పలేదు. నాన్నగారికి ఈ మాట నా తరఫున చెప్పండి.

ఖమ్మం_ఆడపడుచు
సోమవారం, ఉదయం 6:50

చినబాబు తమ్ముడూ, రాత్రంతా మీ నాన్నగారి గురించే ఆలోచించాను. ఎలా ఉన్నారో రాయి.

మా ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందని, దాని మీద పనిచేసే ఎర్లోటినిబ్ మాత్రలు ఇస్తున్నారు, పద్నాలుగు నెలలైంది. ప్రతి స్కాన్‌కు ముందు వారం రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. గణితప్రియ గారూ, ఊపిరితిత్తుల జబ్బుకు ఇలాంటి లెక్కలేమీ లేవా అమ్మా?

గణితప్రియ
సోమవారం, ఉదయం 8:30

అక్కా, ఉన్నాయి. చేదుగా ఉన్నా నిజమే రాస్తాను.

ఎర్లోటినిబ్‌కు లొంగని కణాల్లో తరచూ కనబడేది టీ790ఎం అనే మార్పు. మందు లేనప్పుడు ఆ కణాలు మిగతావాటికన్నా నెమ్మదిగా పెరుగుతాయని ప్రయోగశాలలో చూసి, 2011లో ఒక నమూనా తయారుచేశారు. మామూలుగా రోజుకు 150 మిల్లీగ్రాములు ఇస్తారు. దానికి బదులు అప్పుడప్పుడు చాలా పెద్ద మోతాదు, మిగతా రోజుల్లో చిన్న మోతాదు ఇస్తే లొంగని కణాలు ఆలస్యంగా తలెత్తుతాయని ఆ నమూనా చెప్పింది. దాన్ని మనుషుల్లో పరీక్షించారు. వారంలో రెండు రోజులు 1,200 మిల్లీగ్రాములు, మిగతా ఐదు రోజులు 50. ఫలితాలు 2017లో వచ్చాయి. జబ్బు అదుపులో ఉన్న కాలం మామూలు పద్ధతికన్నా పెరగలేదు. మెదడులో మాత్రం ఎవరికీ జబ్బు ముదరలేదు, పెద్ద మోతాదు అక్కడికి చేరినందువల్ల కావచ్చు.

కణాలు గాజు పాత్రలో పెరిగే వేగమూ, మనిషి ఊపిరితిత్తిలో పెరిగే వేగమూ ఒకటి కాదు. ఆ వేగాలే నమూనాకు పునాది. నేను చేస్తున్న పని కూడా ఇలాంటిదే కాబట్టి, ఈ ఫలితాన్ని నా బల్ల ఎదుట గోడకు అంటించుకున్నాను.

విశాఖ_క్యాన్సర్_వైద్యుడు
సోమవారం, ఉదయం 9:12

అమ్మా, దీనికి ఒక మాట కలుపుతాను. ఎర్లోటినిబ్ పనిచేయడం మానేసిన రోజున దారి మూసుకుపోయినట్టు కాదు. టీ790ఎం ఉందేమో రక్తపరీక్షతో కూడా చూడవచ్చు. ఉంటే ఒసిమెర్టినిబ్ అనే మందు దాని మీద పనిచేస్తుంది. ఈ పరీక్ష గురించి మీ డాక్టరుగారిని ఇప్పుడే అడిగి ఉంచండి.

ప్రశ్నార్థకం
సోమవారం, ఉదయం 10:40

నమూనా తప్పిన చోటును కూడా దాచకుండా రాసినందుకు గణితప్రియ గారికి కృతజ్ఞతలు. నిన్నటి నా మాటలు చినబాబు గారికి కఠినంగా తోచి ఉంటే మన్నించాలి. మా పెదనాన్నగారు ఇదే జబ్బుతో పోయారు. రుజువు కాని ఆశ ఆ ఇంట్లో ఏం చేసిందో చూశాను కాబట్టే అలా రాశాను.

ప్రత్తిపాడు_చినబాబు
బుధవారం, రాత్రి 8:55

అందరికీ దండాలు. ఆదివారం రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాం. లేచి నిలబడితే రక్తపోటు బాగా పడిపోతోంది. సోడియం కొంచెం తగ్గింది. స్టెరాయిడ్ సరిచేసి, సెలైన్ పెట్టి రెండు రోజులు ఉంచుకున్నారు. ఈ మధ్యాహ్నం ఇంటికి వచ్చాం. పీఎస్ఏ 22. మాత్రలు మళ్లీ రోజూ నాలుగు.

మా డాక్టరుగారికి అంతా చెప్పాను. మందలిస్తారనుకున్నాను. ఆయన ఆ పరీక్ష గురించి తనకు తెలుసని, అయితే దాని బయట అలా ఇవ్వడానికి ఇప్పుడున్న ఆధారం చాలదని చెప్పారు. మూడు నెలలకొకసారి చూస్తున్న పీఎస్ఏను ఇకపై నెలనెలా చూద్దామన్నారు. ఇలాంటి పరీక్ష ఏదైనా మన దగ్గర మొదలైతే పేరు ఇవ్వడానికి వివరాలన్నీ సిద్ధంగా ఉంటాయని.

వెంకటేశ్వర్లు గారూ, మీరు రాసిన పత్తి సంగతి నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ 120 గ్రాముల పొట్లం ఆయనా గట్టున పారేశారట. తర్వాత గణితప్రియ గారిని ఒక ప్రశ్న అడగమన్నారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "ఆ మూడో రకం నా ఒంట్లో ఎంతుందో ఆ లెక్కకు తెలుస్తుందా?"

విశ్రాంత_ఏఓ_వెంకటేశ్వర్లు
బుధవారం, రాత్రి 9:20

ఇంటికి చేరారు, అంతే చాలు. పొట్లం సంగతికి ఆయన బాధపడవద్దని చెప్పు నాయనా. ఆ పొట్లం ఎందుకిస్తున్నారో రైతుకు అర్థమయ్యేలా చెప్పవలసిన బాధ్యత మాది. మేము చెప్పింది చాలలేదు. ఈ పండక్కి గుంటూరు వస్తున్నాను, వీలైతే వచ్చి కలుస్తాను.

గణితప్రియ
బుధవారం, రాత్రి 10:10

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మేమంతా కుస్తీ పడుతున్న ప్రశ్ననే ఆయన అడిగారు.

ఒక్క పీఎస్ఏ అంకెతో తెలియదు. 19 అన్నప్పుడు అందులో ఏ రకం వాటా ఎంతో ఆ అంకె చెప్పదు. మందు ఇచ్చినప్పుడు ఎంత వేగంగా పడింది, ఎక్కడ నిలిచింది, ఆపినప్పుడు ఎంత వేగంగా లేచింది అన్న గీతను చూసి నమూనా అంచనా కడుతుంది. రక్తంలో తేలే కణితి డీఎన్ఏను కూడా కలిపితే అంచనా మెరుగుపడుతుందని ఆశిస్తున్నాం. ఎంత చేసినా వచ్చేది "ఇంత నుంచి ఇంతలోపు" అన్న జవాబే. ఆ రెండు అంచుల మధ్య దూరం తగ్గించడమే నా రోజువారీ పని.

నాన్నగారు పిచికారీలు రాసుకొనే పుస్తకం లాంటిది ఉంటే, అందులో ప్రతి పీఎస్ఏ, పరీక్ష చేయించిన తేదీ, ఆ నెలలో తప్పిన మాత్రలు రాయమనండి. ఈ పది రోజులు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయమనండి. తేదీ లేని అంకెతో ఏ నమూనా ఏమీ చేయలేదు.